లక్ష రూపాయల పలక

మా ఇంట్లో పలక విషయమై తగాదా రావడం ఇది రెండోసారి. మొదటిది మా అమ్మాయిని బళ్ళో వేసిన ఏడు వచ్చింది. మార్కాపురం రాతిపలక కొందామని నేనూ, అది పగిలిపోతుంది, అట్టపలక చాలునని మా ఆవిడా పట్టుబట్టాం. చివరికి రాతిపలకే కొన్నాం. మూడోనాటికి అది పగిలింది. దాని ఖరీదెంతో నాకిప్పుడు జ్ఞాపకం లేదు గాని, రెండో తగాదా తెచ్చిన పలక ఖరీదు మాత్రం బాగా జ్ఞాపకం. లక్షా నలభై ఒక్క వేల ఎనిమిది వందలు!

ఉలిక్కిపడకండి. ఇది అ ఆలు దిద్దుకునే పలక కాదు. బొమ్మలు వేసుకునే కంప్యూటరు పలక. 2024 మే నెలలో విడుదలైన పదమూడు అంగుళాల ఐప్యాడ్ ప్రో మన దేశంలో అప్పుడు 1,29,900 రూపాయలు. దాని మీద గీయడానికి పెన్సిలు వేరే కొనుక్కోవాలి, అప్పట్లో అది 11,900. మా చిన్నప్పుడు పలక కొంటే శెట్టిగారు బలపం ముక్క ఒకటి కొసరు వేసేవారు. కొసరనే మాట ఎప్పుడో పోయింది లెండి.

ఇంతకూ ఈ వయస్సులో నాకా పలక ఎందుకని మీరు అడగవచ్చు. మా ఆవిడా అదే అడిగింది. నేను పత్తికొండలో ముప్ఫయి యేళ్ళకు పైగా కుంచెతో బతికినవాణ్ణి. టమోటా మండీల బోర్డులు, ఎరువుల దుకాణాల బోర్డులు, ఎన్నికలొస్తే గోడలు, అన్ని పార్టీల గోడలూ ఒకే చేత్తో రాశాను. ఇప్పుడు బోర్డులు లేవు. పిల్లల కథల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. నలుపు తెలుపు బొమ్మకు నాలుగు వందలు, రంగుల బొమ్మకు తొమ్మిది వందలు ఇస్తారు. నెలకు పది రంగుల బొమ్మలు దొరికితే మా ఇంట్లో పండగే.

లక్షా నలభై ఒక్క వేల ఎనిమిది వందలను తొమ్మిది వందలతో భాగించి చూశాను. నూట యాభై ఎనిమిది బొమ్మలు. నెలకు పది చొప్పున పదహారు నెలలు. ఆ పదహారు నెలలూ మేం ఇద్దరం, మా అమ్మాయీ గాలి భోంచేయాలి.

ఈ లెక్క మా ఆవిడకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు లెక్క వచ్చు. మాకు రెండెకరాల చేను, ఒక బోరు ఉన్నాయి. వ్యవసాయమంతా ఆవిడదే. ఒక ఏడు టమోటాకు మంచి ధర పలికితే కొంత సొమ్ము దాచింది. బోరులో నీళ్ళు అడుగంటాయి గనుక దాన్ని ఇంకా లోతు చేయించి, మోటారు మార్చాలని ఆవిడ ఆలోచన. నా కన్ను ఆ సొమ్ము మీద పడిందని ఆవిడ కనిపెట్టింది.

“బోరు దుడ్లు ముట్టితే చూడు మళ్ళ” అంది.

అసలు నాకీ పలక పిచ్చి ఎట్లా పట్టిందో చెప్పాలి. ఆ ఏడు ఉగాదికి మా అమ్మాయి స్నేహితురాలి అన్న బెంగుళూరునుంచి వచ్చాడు. అక్కడ కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. తిరిగి వెళ్ళేటప్పుడు, “పది దినాలు మీకాడ పెట్టుకోండి మామా, నాకు పనిలేదు” అని తన పలక నా చేతికిచ్చి పోయాడు. అంత ఖరీదైన వస్తువు పని లేకుండా ఉండడం కూడా ఒక ఐశ్వర్యమే.

చెప్పొద్దూ, మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గాజు మీద పెన్సిలు పెట్టగానే గీత నా వెనకాలే పరుగెత్తి వచ్చింది. గట్టిగా ఒత్తితే లావు, తేలిగ్గా పట్టితే వెంట్రుకవాసి. పెన్సిలు వాల్చి రుద్దితే బొగ్గుముక్కలా మసక. చిన్నప్పుడు వారపత్రికల్లో బాపుగారి బొమ్మలు చూసి, ఆ గీతలోని లావూ సన్నం పట్టుబడక ఎన్ని కాగితాలు చించానో! ఆ రాత్రి పన్నెండుకు కరెంటు పోయింది. పలక మాత్రం వెలుగుతూనే ఉంది. చీకటింట్లో ఒళ్ళో దీపం పెట్టుకున్నట్టు కూర్చుని తెల్లవారుజాము మూడింటిదాకా కొంగనూ నక్కనూ వేశాను. రంగు డబ్బా మూత తియ్యలేదు, టర్పెంటైను వాసన లేదు, చేతికి మరక లేదు.

మూడోనాడు ఒక చిన్న సంగతి గమనించాను. పలక మీద తప్పు గీత పడితే రెండు వేళ్ళతో తడితే చాలు, ఆ గీత మాయం. ఒక అవ్వ ముఖం వేస్తూ ఎన్నిసార్లు తట్టానా అని లెక్కపెట్టాను. అరవై దాటాక లెక్క మానేశాను. నిచ్చెనెక్కి గోడ మీద ‘పత్తికొండ’ అని రాసిన రోజుల్లో ఒక్కసారి కుంచె ముంచితే ‘ప’ తలకట్టునుంచి కిందిదాకా దిగాల్సిందే; తుడిచేందుకు వీల్లేదు. ఆ భయం వల్లనే చెయ్యి వణికేది కాదు. పలక మీద భయం లేదు గనుక చెయ్యి సోమరిదయింది. ఎట్లా గీసినా ఫరవాలేదనుకునే చేతికి ఎట్లా గీయాలో గుర్తుండదు గదా. ఇది నా ఒక్కడి బలహీనతేమో. పిల్లప్పటినుంచి దానిమీదే నేర్చినవాళ్ళకు ఉండకపోవచ్చు.

అయిదోనాడు మరో సంగతి జరిగింది. మధ్యాహ్నం రెండు గంటలకు వరండాలో కూర్చుని గీస్తుంటే తెర మెల్లగా మసకబారింది. చేత్తో ముట్టి చూస్తే పెనంలా కాలుతోంది. ఇందులో ఏ కంపెనీ తప్పూ లేదు. ఈ పలకలు 35 డిగ్రీల వేడిదాకా వాడదగినవని తయారీదార్లే కాగితం మీద రాసి ఇస్తారు. మా సీమలో వేసవి పగళ్ళు నలభై దాటడం ఒక విశేషం కాదు. ఆ కాగితం రాసినవాళ్ళు ఏప్రిల్ నెలలో పత్తికొండ వరండాలో కూర్చుని ఉండరు. పది దినాలయ్యాక పలక వెనక్కి పోయింది. నేను మళ్ళీ కాగితం ముందు కూర్చున్నాను గాని, మనస్సు గాజు మీదనే ఉంది.

సరిగ్గా అప్పుడే మే నెల వచ్చింది, కొత్త పలకల వార్త వచ్చింది, మా ఇంట తగాదా వచ్చింది.

తగాదాలో మా ఆవిడ ఒక మాట అన్నది. “ఆ పొద్దు ఫ్లెక్సీ మిషన్ వద్దంటివి. ఆ కడుపుమంటకు ఈ పొద్దు పలక కొంటానంటివి. ఇది బొమ్మలకా, మంటకా?”

దీనికొక కథ ఉంది. 2005 ప్రాంతంలో, నాతోబాటు ఒకే గురువు దగ్గర కుంచె పట్టిన స్నేహితుడొకడు వచ్చి, “కర్నూల్లో ఫ్లెక్సీ మిషన్లు వచ్చినాయిరా. మనిద్దరం ఒక కంప్యూటరు కొని ఈడ డిజైన్లు చేసి పంపుకుందాం” అన్నాడు. నా వాటా నలభై వేలు. నేను నవ్వాను. అక్షరం చేతిలోంచి రావాలిగాని గొట్టంలోంచి వస్తుందా అన్నాను. ఆ మాట నలుగురిలో రెండు మూడుసార్లు చెప్పుకుని మురిసిపోయాను కూడా. రెండేళ్ళు తిరిగేసరికి, రాత్రి చెబితే తెల్లవారేసరికి పెళ్ళికొడుకు ముఖం నాలుగు రోడ్ల కూడలిలో ఇరవై అడుగుల ఎత్తున నవ్వడం మొదలైంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు సమాధి రాళ్ళ మీద పేర్లు రాయించుకునేవాళ్ళు మాత్రమే మిగిలారు. 2022 ఆగస్టులో రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు నేను ఆశకొద్దీ కుంచెలన్నీ కడిగి ఆరబెట్టాను. అవి ఇంకా ఆరుతూనే ఉన్నాయి. ఆ స్నేహితుడికి ఇప్పుడు రెండంతస్తుల మేడ ఉంది.

అయితే దీనికి ఎదురు కథ కూడా ఉంది. ఫ్లెక్సీ దెబ్బ తిన్న మూడో ఏట, ఇక వెనకబడకూడదనుకుని, గాలితో రంగు చిమ్మే గన్నూ దాని కంప్రెసరూ అప్పు చేసి కొన్నాను. లారీల వెనక సూర్యాస్తమయాలు వేస్తానన్నాను. పదకొండుసార్లు వాడాను. కోళ్ళ గంప బోర్లించడానికి ఇప్పుడది బాగా పనికి వస్తోంది. కనుక యంత్రం కొనక ఒకసారి చెడ్డాను, కొని ఒకసారి చెడ్డాను. ఇట్లాంటివాడు మూడోసారి ఎవరి మాట వినాలి?

మా అమ్మాయి నా పక్షం. డేవిడ్ హాక్నీ అనే ఇంగ్లీషు చిత్రకారుడి సంగతి ఆమే చెప్పింది. ఆయన డెబ్భై దాటాక, 2010లో, ఐప్యాడ్ మీద బొమ్మలు మొదలుపెట్టాడట. 2018లో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబే అనే పెద్ద చర్చిలో పెట్టిన రంగుటద్దాల కిటికీకి నమూనా దాని మీదే గీశాడట. అప్పటికి ఆయనకు ఎనభై ఒక్క యేళ్ళు. “చూడు నాయనా, నీకింకా యాభై నాలుగే” అంది. నిజమే. కాని ఆయనకు కిటికీ పని చెప్పినవాళ్ళు తోక ఎటు తిప్పాలో ఫోను చేసి చెబుతారా?

ఈ తోక సంగతి తరువాత చెబుతాను. ముందు కర్నూలు ప్రయాణం.

జూన్‌లో తండ్రీ కూతుళ్ళం బస్సెక్కి కర్నూలు పోయాం. అద్దాల దుకాణం, లోపల మంచు చల్లదనం. అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడు. “సార్, వీడియో ఎడిటింగ్ చేస్తారా? త్రీడీ వర్కా? యానిమేషనా?” అని అడిగాడు.

“లేదప్పా. కొంగలూ నక్కలూ వేస్తాను” అన్నాను.

అతను నవ్వకుండా మూడు పలకలు బల్ల మీద పరిచాడు. అన్నిటికన్నా చవక 34,900. దానికి రెండు రకాల పెన్సిళ్ళు పనిచేస్తాయి. అందులో కొత్తరకం పెన్సిలుకు ఒత్తిడి తెలియదు. ఎంత ఒత్తినా గీత ఒకే లావు. బాపుగారి గీత నేర్చుకోవాలనుకున్నవాడికి అది పనికిరాదు. పాతరకం పెన్సిలుకు ఒత్తిడి తెలుసు గాని, దాన్ని ఆ పలకకు జతచేయడానికి మధ్యలో ఇంకో ముక్క కావాలి. పైగా పైగాజుకూ లోపలి తెరకూ నడుమ సందు ఉంటుంది. పెన్సిలు మొన ఒకచోట, గీత దాని అడుగున ఇంకోచోట ఉన్నట్టుంటుంది. బావిలో పడిన చెంబును గాలంతో తీసినట్టు గీయాలి.

రెండోది ఎయిర్ అనేది, 59,900. ఇందులో గాజూ తెరా అతికి ఉన్నాయి. ఖరీదైన పెన్సిలే దీనికీ పనిచేస్తుంది. రెండూ కలిపి 71,800. మూడోది నా మనస్సు దోచిన ప్రో. ఆ తెర సెకనుకు నూట ఇరవైసార్లు కొత్తబొమ్మ చూపుతుంది, ఎయిర్ అరవైసార్లే. అందుకే గీత అంత దగ్గరగా వెంట వస్తుంది. నలుపు నిజంగా కాటుక నలుపు. మందం అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. జ్ఞాపకశక్తి రెండింతలున్నది కావాలంటే ఒక టెరాబైటు పలక కొనాలి, అప్పుడు ధర ఇంకా పైకి.

పక్కనే ఉన్న శాంసంగ్ పలకలకు కలం డబ్బాలోనే వస్తుంది. కొసరు బతికే ఉందన్నమాట! కాని మా అమ్మాయి చెప్పిన ప్రోక్రియేట్ అనే బొమ్మల ప్రోగ్రాము వాటిలో పనిచేయదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో చేసిన ఆ ప్రోగ్రాము యాపిల్ వాళ్ళ వస్తువులకే. ఒకసారి కొంటే మళ్ళీ మళ్ళీ అద్దె అడగదు, అది దాని మంచితనం. ఎంతమంది పలక కొనడానికి అదొక్కటే కారణమో!

నేను ఎయిర్ మీద ఒక కనుబొమ గీశాను, ప్రో మీద ఒక కనుబొమ గీశాను. తేడా తెలిసిందా అంటే తెలిసింది. డెబ్భై వేల తేడా తెలిసిందా అంటే చెప్పలేను. ఆ చల్లటి దుకాణంలో నుంచున్నప్పుడు నాకు మా ఆవిడ ప్రశ్న మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. ‘ఇది బొమ్మలకా, మంటకా?’ కొనకుండా బయటికి వచ్చాం. అమ్మాయి బస్సులో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇంటికి వచ్చి నా బొమ్మల పద్దుపుస్తకం ముందేసుకున్నాను. ఎవరికి ఏ బొమ్మ ఎప్పుడు పంపానో, ఏది తిరిగొచ్చిందో అందులో రాసుకుంటాను. వెనకటి సంవత్సరం తొంభై ఆరు బొమ్మలు వేశాను. అందులో నలభై ఒకటి మార్పులకు తిరిగొచ్చాయి. నక్క తోక కుడికి తిప్పండి, అక్కడ కథ పేరు వేయాలి. అవ్వకు కళ్ళజోడు వద్దు. చెట్టును కాస్త వెనక్కి జరపండి. కాగితం మీద చెట్టును వెనక్కి జరపడమెట్లాగో మీరే చెప్పండి! రంగుల బొమ్మ అయితే మొత్తం మళ్ళీ వేయాల్సిందే. ఒక పూట గల్లంతు. అట్లా నలభై ఒక్క పూటలు. వాటికి పైసా రాలేదు.

అప్పుడు నాకు తట్టింది. నాకు యంత్రం కావలసింది బొమ్మ వేయడానికి కాదు, వేసిన బొమ్మను మార్చడానికి. బొమ్మ వేయడానికి నా దగ్గర కుంచె ఉంది. మార్చడానికి కావలసినవి పొరలు: ఆకాశం ఒక పొర, చెట్టు ఒక పొర, నక్క ఒకటి, దాని తోక వేరే ఒకటి. అద్దాల మీద అద్దాలు పేర్చినట్టు ఒకదానిమీదొకటి ఉంటాయి. ఏది కావలిస్తే దాన్ని జరపవచ్చు. నా బొమ్మకు పది పొరలు దాటవు. పది పొరలు మోయడానికి ఏనుగు అక్కర్లేదు, గాడిద చాలు. వంద పొరలతో సినిమా పోస్టర్లు చేసేవారికీ, కదిలే బొమ్మలు చేసేవారికీ, గంటకు వేలు సంపాదించేవారికీ ఆ ఏనుగు రెండు నెలల్లో తన మేత తాను తెచ్చుకుంటుంది. వాళ్ళు కొనడం దుబారా కాదు, కొనకపోవడమే దుబారా.

మా అమ్మాయి కాలేజీకని కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. దానికి తగిలించే నల్లపలక, తెర లేనిది, జపాను దేశపు వేకామ్ కంపెనీవారిది, అయిదు వేల లోపున వచ్చింది. దాని కలానికి బ్యాటరీ కూడా లేదు, ఛార్జింగు బెడద లేదు. క్రీటా అనే బొమ్మల ప్రోగ్రాము ఉచితం. ప్రపంచంలో ఎవరెవరో కలిసి చేసి ఊరికే ఇస్తున్నారు. పెన్సిలుతో కాగితం మీద గీసి, ఫోనుతో ఫొటో తీసి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, పొరలు పొరలుగా రంగు వేస్తున్నాను.

ఇది సుఖంగా ఉందనుకునేరు. చెయ్యి కింద నల్లపలక మీద, కన్ను ఎదుట తెర మీద. ముప్ఫయి యేళ్ళు చేతినే చూస్తూ రాసినవాడికి ఇదొక నరకం. మొదటి వారం ఒక సున్నా చుట్టలేకపోయాను, చుట్టబోతే గుడ్డవుతుంది. మూడు వారాలకు కొంచెం దారికొచ్చింది. వరండాలోకి తీసుకుపోయే వీలు లేదు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ గంటసేపు నిలిస్తే గొప్ప. చీకట్లో ఒళ్ళో వెలిగిన ఆ గాజు ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకి వస్తుంది. చవక వస్తువు కొన్నవాణ్ణి గనుక చవకదే మేలని ఊరేగడం నాకు చేతకాదు. ఒక లాభం మాత్రం జరిగింది: గీత ఇంకా కాగితం మీదనే పడుతోంది. అక్కడ రెండు వేళ్ళతో తడితే ఏదీ మాయం కాదు.

సొమ్ము బోరుకు పోయింది. లోతు చేయిస్తే నీళ్ళు పడ్డాయి, మోటారు బిగించారు. రెండెకరాల్లో టమోటా నాటారు. కాపు చూసినవాళ్ళు కళ్ళు కుట్టుకున్నారు. మా ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను చాలాకాలానికి చూశాను.

2024 డిసెంబరులో మా పత్తికొండ మార్కెట్లో టమోటా కిలో రూపాయికి పడిపోయింది. మా ఊరి సంగతి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఒక ఏడు బంగారం, ఒక ఏడు పెంట. కోతకూలీ, బండి బాడుగ కూడా రావని తెలిసి, కొంత చేనులోనే వదిలేశాం. మార్కెట్టుదాకా తెచ్చిన గంపలు మా ఆవిడ తన చేతుల్తోనే రోడ్డువారన ఒంపింది. నేను పట్టబోతే పట్టనివ్వలేదు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చాలాసేపటికి అంది: “ఆ దుడ్లతో నీ పలకన్నా కొనింటే, అదన్నా ఇంట్లో ఉండేది గదయ్యా.”

ఏమనాలో నాకు తోచలేదు. “బోరులో నీళ్ళున్నాయి గదే” అన్నాను. ఆవిడ నవ్విందో, ఏడ్చిందో, పళ్ళెం తీసుకుని లేచిపోయింది.

తొమ్మిది గంటలకు ఫోను మోగింది. పుస్తకం వేసేవాళ్ళు. కథలో కాకి ఎడమ కొమ్మ మీద కాదు, కుడి కొమ్మ మీద కూర్చోవాలట; తెల్లవారి అచ్చుకు పోవాలట. నల్లపలక ముందు కూర్చున్నాను. కాకిని దాని పొరతో సహా పట్టుకుని కుడి కొమ్మ మీదికి జరిపి, కాళ్ళు సరిచేసి, నీడ మార్చాను. గడియారం చూస్తే పదకొండు నిమిషాలు పట్టింది.

“నాయనా, కరెంటు పోయేలా ఉంది, ముందు సేవ్ చెయ్” అని లోపలినుంచి మా అమ్మాయి కేకేసింది.